అలుగు ఉంది, తూము లేదు: బండి అడుగున ఒక బెజ్జం కథ

ఒక్క ప్రశ్నతో మొదలుపెడతాను. మీ బండి కింద ఎప్పుడైనా చూశారా? బైక్ అయితే కొంచెం ఒంగితే చాలు, ఇంజిన్ అడుగున ఒక బోల్టు కనిపిస్తుంది. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు షెడ్డులో కుర్రాడు విప్పేది దాన్నే. నల్లటి ఆయిల్ ధారగా కింద పెట్టిన డబ్బాలో పడుతుంది. దాన్ని డ్రెయిన్ ప్లగ్ అంటారు. సరే, అది ఇంజిన్‌కి. మరి గేర్‌బాక్స్‌కి? కారుకో వ్యానుకో వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా లావుగా ఉండే డిఫరెన్షియల్‌కి? దాన్నే మన లారీ వాళ్లు హౌసింగ్ అంటారు. చాలా బళ్లలో దానికీ అడుగున బోల్టు ఉంటుంది. కొన్నిటికి ఉండదు.

అలా లేకపోవడం వల్ల మా బాబాయి బండి పోయింది. దాంతో పాటు మా పిన్ని గాజులు కూడా పోయాయి. ఆ సంగతికి వస్తాను. ముందు కొంచెం వెనక్కి, ఎడ్లబండి దాకా వెళ్లాలి.

ఎడ్లబండికి గేర్లు లేవు గానీ రాపిడి ఉంది. ఇరుసు కదలదు, చక్రం తిరుగుతుంది, రెండూ ఒరుసుకుంటాయి. మధ్యలో కందెన పెట్టేవారు. ఈ మాట మీలో చాలామంది విని ఉండరు. ఆముదంలో వరిగడ్డి కాల్చిన మసి కలిపి చేసే నల్లటి ముద్ద అది. ఇరుసు చివర చీల పీకి, చక్రాన్ని కాస్త బయటికి లాగి, పాత కందెన గుడ్డతో తుడిచి, కొత్తది పూసేవారు. చూడండి, పాతది తీయడం, కొత్తది పెట్టడం రెండూ ఒకే పని. ఆ పని ఎప్పుడు చెయ్యాలో చెప్పడానికి కిలోమీటర్ల లెక్క అక్కర్లేదు. బండే కిర్రుకిర్రుమని ఊరంతటికీ చెప్పేది.

మోటారు బండి వచ్చాక ఇదంతా ఇనప పెట్టెలోకి వెళ్లిపోయింది. గేర్లు పెట్టెలో ఉంటాయి, పెట్టెలో సగం దాకా ఆయిల్ ఉంటుంది, పళ్లు ఆ ఆయిల్లో మునిగి తేలుతూ తిరుగుతాయి. మంచిదే. దుమ్ము పడదు, రోజూ పూయక్కర్లేదు. కానీ పళ్లు అరిగినప్పుడు రాలిన ఇనప పొడి ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు, అడుగున చేరుతుంది. వేడికి ఆయిల్ పాడవుతుంది. ఎక్కడి నుంచో నీటి చుక్క దూరితే అదీ అడుగునే కూర్చుంటుంది. ఆయిల్ కంటే నీళ్లు బరువు కదా. కంటికి కనపడదు. చెవికి వినపడేసరికి పని అయిపోయినట్టే.

ఇక్కడ నాకు ఎప్పుడూ చెరువు గుర్తొస్తుంది. చెరువుకి రెండు దారులు ఉంటాయి. ఒకటి అలుగు. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు అక్కడి నుంచి పొర్లిపోతాయి. రెండోది తూము. అడుగు నుంచి నీళ్లు వదిలే దారి అది. బండి హౌసింగ్‌కి కూడా ఇవే రెండు. పక్కన, సగం ఎత్తులో ఒక బోల్టు ఉంటుంది. అది విప్పి ఆయిల్ పోస్తారు. పోస్తూ ఉంటే ఒక దశలో ఆ బెజ్జంలోంచే బయటికి కారుతుంది. నిండిందని అర్థం. అది అలుగు. అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ తూము. అలుగు లేకుండా కుదరదు, ఎక్కడో ఒకచోట ఆయిల్ పోయాలి కదా. తూము మాత్రం పెడితే పెడతారు, లేకపోతే లేదు.

అడుగున తూము ఎందుకో గోదావరి వాళ్లకి చెప్పడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు, ఆయన పక్కన నిలబడి పని నడిపించిన వీణెం వీరన్న గారి పేరు మీకు తెలిసే ఉంటాయి. ఆ ఆనకట్ట ఒక రకంగా నదికి అడ్డంగా కట్టిన పొడుగాటి అలుగు. వరద దాని మీద నుంచి పొర్లిపోయేది. అయితే గోదావరి ఒట్టి నీళ్లే తీసుకురాదు, ఇసుక తెస్తుంది, ఒండ్రు తెస్తుంది. కాలువ తలుపుల ముందు అది మేట వేస్తే కాలువలోకి నీరెక్కదు. అందుకని కాలువ తలుపుల పక్కనే, ఆనకట్టలో కింద మట్టానికి వేరే తలుపులు పెట్టారు. వాటిని ఎత్తితే నీళ్లు అడుగు నుంచి దూకుతాయి, ఆ విసురుకి మేట కొట్టుకుపోతుంది. స్కవరింగ్ స్లూయిస్‌లు అంటారు వాటిని. తోమి కడిగే తూములు అనుకోండి. 1982లో పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది. వేసవి వస్తే ఇప్పటికీ కాలువలు కట్టేసి పూడిక తీస్తారు. తీయని ఏడాది చివరి ఊళ్ల చేలకి నీళ్లు అందవు.

మరి ఇంత తెలిసిన చోట, ఇరుసు అడుగున ఏం చేరుతుందో పట్టించుకోవడానికి మనవాళ్లకి ఎందుకు ఇంత కాలం పట్టింది? నేను ఆలోచించింది చెబుతాను. చెరువు అడుగు కనపడుతుంది, కాలువ అడుగు వేసవిలో కనపడుతుంది. హౌసింగ్ అడుగు ఎవడికి కనపడుతుంది?

ఇక ట్రాక్టర్. 1960-61లో కేంద్రం ఇంటెన్సివ్ అగ్రికల్చరల్ డిస్ట్రిక్ట్ ప్రోగ్రాం అని ఒకటి మొదలుపెట్టింది. జనం ప్యాకేజీ ప్రోగ్రాం అన్నారు. ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో దేశం మొత్తం మీద ముందుగా ఏడు జిల్లాలు ఎంచుకున్నారు. పంజాబ్‌లో లూధియానా, తమిళనాడులో తంజావూరు... ఆ ఏడింట్లో మన పశ్చిమ గోదావరి ఒకటి. విత్తనం, ఎరువు, అప్పు, సలహా, పనిముట్లు అన్నీ కలిపి ఇవ్వాలని ప్లాను. అదే కాలంలో, 1960లో, మద్రాసులో టాఫే కంపెనీ మొదలై మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు మన దగ్గరే తయారు చెయ్యడం మొదలుపెట్టింది.

ఈ ట్రాక్టర్ల కడుపులో ఒక విశేషం ఉంది. హ్యారీ ఫెర్గూసన్ పద్ధతిలో గేర్‌బాక్స్‌కీ, డిఫరెన్షియల్‌కీ, వెనక నాగలిని ఎత్తే హైడ్రాలిక్‌కీ ఒకటే ఆయిల్. ఒకే కుండలో అన్నం, పప్పు ఉడికినట్టు. లాభం ఏంటంటే ఒక్క ఆయిల్ చూసుకుంటే చాలు. నష్టం ఏంటంటే అందులో నీళ్లు పడితే మూడూ ఒకేసారి చెడతాయి.

మరి నీళ్లు పడకుండా ఉంటాయా? లూధియానాలో గోధుమ చేను దున్నే ట్రాక్టర్ వేరు, మన దగ్గర దమ్ము చేసే ట్రాక్టర్ వేరు. దమ్ము అంటే తెలియని సిటీ పిల్లల కోసం చెబుతున్నాను. చేలో నీళ్లు పెట్టి, మట్టిని పాయసంలా కలియదున్నడం. రబ్బరు టైర్లు జారిపోతాయి కాబట్టి ఇనప దమ్ము చక్రాలు తగిలిస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇరుసు బురదలోనే. ఇరుసు బయటికొచ్చే చోట ఆయిల్ సీల్ అని ఒక రబ్బరు రింగు ఉంటుంది. ఆయిల్ బయటికి రాకుండా, నీళ్లు లోపలికి పోకుండా ఆపేది అదొక్కటే. గడ్డి చుట్టుకున్నా, ఇసుక రాసుకున్నా దాని పని అయిపోతుంది. అప్పుడు నీళ్లు దూరతాయి, గేర్లు వాటిని చిలుకుతాయి, ఆయిల్ తెల్లగా అవుతుంది. మన మెకానిక్కులు దానికి పుస్తకం మాట ఏదీ వాడరు. “ఆయిలు మజ్జిగైపోయిందండి” అంటారు, అంతే.

ట్రాక్టర్‌కి మాత్రం అడుగున తూములు ఉన్నాయి. దున్నే బండి మట్టిలో తిరుగుతుందని తయారు చేసినవాడికి తెలుసు. మా ఊళ్లో పాత ట్రాక్టర్ డ్రైవరు ఒకాయన దమ్ముల సీజన్లో ఒక పని చేసేవాడు. రాత్రంతా బండి కదలకుండా ఉంటుంది కదా, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు అడుగు బోల్టు రెండు మరలు వదులు చేసేవాడు. ముందు నీళ్లు కారేవి. ఆయిల్ మొదలవ్వగానే బిగించేసేవాడు. అచ్చంగా మేట కడిగే తలుపు ఎత్తినట్టే. పూర్తిగా మజ్జిగైన ఆయిల్‌కి ఇది పనిచేయదు, మొత్తం మార్చాల్సిందే. కానీ అప్పుడప్పుడే దిగుతున్న నీటికి మందు అదే.

పొలం సంగతి అలా ఉంచండి. రోడ్డు మీద తిరిగే బండికి నీళ్లు ఎలా ఎక్కుతాయి? లంకలకి రండి, చూపిస్తాను. చాకలిపాలెం-కనకాయలంక కాజ్‌వే పేరు వరదల వార్తల్లో ఏటా వింటూనే ఉంటారు. గోదావరి కొంచెం పెరిగితే చాలు, మునుగుతుంది. మోకాలి లోతు నీళ్లున్నా ఒకప్పుడు బళ్లు దాటేసేవి. ఇప్పుడు ఇందులో సైన్సు చూడండి. ఇరవై కిలోమీటర్లు లోడుతో వచ్చిన బండి హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత కాలిపోతూ ఉంటుంది. లోపల గాలి వేడెక్కి ఉబ్బి ఉంటుంది. అలాంటి దాన్ని చల్లటి గోదావరి నీళ్లలో దించితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు బయటి నుంచి పీల్చుకుంటుంది. బయట ఉన్నది నీళ్లు! గాలి కోసం పెట్టిన సన్నటి గొట్టంలోంచి, అరిగిన సీల్ పక్క నుంచి లోపలికి లాగేస్తుంది. సైకిల్ పంపులా. అందుకే కొండల్లోకి వెళ్లే జీపులవాళ్లు ఆ గాలి గొట్టాన్ని పైకి, బానెట్ ఎత్తుకి తెచ్చి కట్టుకుంటారు.

అసలైన వరద వస్తే ఇంక చెప్పేదేముంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. పెద్దవాళ్లు వయసులు చెప్పుకునేటప్పుడు కూడా ‘ఎనభయ్యారు వరదప్పుడు’ అంటారు. మళ్లీ 2006 ఆగస్టు. ఆ తర్వాత 2022 జులై, 25 లక్షలు దాటింది, అది మీరు ఫోన్లో చూసే ఉంటారు.

2006లో నేను ఏడో క్లాసు. మాది లంక ఊరు. మా బాబాయికి ఒక సెకండ్ హ్యాండ్ వ్యాను ఉండేది. ఏ కంపెనీది అనేది అనవసరం. అరటి గెలలు రావులపాలెం మార్కెట్‌కి, కొబ్బరికాయలు అంబాజీపేటకి తోలేవాడు. బండి ఫైనాన్స్ మీద ఉంది. నీళ్లు వస్తున్నాయని గట్టు మీదకి ఎక్కించాడు. గట్టు మీదకే వచ్చాయి నీళ్లు. మూడు రోజులు చక్రాలు సగం దాకా మునిగి ఉన్నాయి. తగ్గాక ట్రాక్టర్‌తో లాక్కుని షెడ్డుకి తీసుకెళ్లారు. నేను ట్రాక్టర్ మీద కూర్చుని వెళ్లాను, స్కూలు లేదు కదా.

మేస్త్రి గారు ఇంజిన్ ఆయిల్ తీసేశారు, అడుగున బోల్టు ఉంది, పది నిమిషాల్లో అయిపోయింది. గేర్‌బాక్స్‌కీ బోల్టు ఉంది, అదీ అయింది. వెనక హౌసింగ్ దగ్గర ఆగారు. ఆ మాటలు నాకు బాగా గుర్తు.

“దీనికి కింద బోల్టు లేదండి. మూత ఇప్పాలి. ప్యాకింగ్ కొత్తది తెప్పించాలి. ఈ రోజుకి అవ్వదండి బాబూ.”

“పక్క బోల్టు ఇప్పి చూడు మేస్త్రీ. ఆయిలుందిగా?”

“ఆయ్, ఆయిలుందండి. అంచు దాకా ఉందండి. దాని కింద ఏవుందో నాకేం తెలుస్తదండి?”

బండి అప్పటికి షెడ్డులో రెండు రోజులుగా కదలకుండా ఉంది. నీళ్లు అడుక్కి దిగి, ఆయిల్ పైకి తేలి ఉంటుంది. అలుగు దగ్గర నిలబడి చూస్తే చెరువు నిండుగా, చక్కగా కనిపించింది. మా బాబాయి ఒక్క నిమిషం ఆలోచించాడు. కిస్తీ దగ్గర పడింది. వరదకి తోటలు పోయాయి, దొరికే కిరాయిలు తక్కువ. దొరికిన ఒక్క రోజు కిరాయీ వదులుకోలేడు. “తర్వాత చేయిద్దాంలే” అని బండి తీసుకెళ్లిపోయాడు.

దసరా అప్పటికి వెనక నుంచి ‘ఊఁ’ అని సన్నటి ఏడుపు మొదలైంది. దీపావళి తర్వాత ఒక రాత్రి జొన్నాడ దాటాక, లోడుతో ఉండగా, వెనక చక్రాలు పట్టేశాయి. విప్పి చూస్తే బేరింగులు తుప్పు పట్టి గుంటలు పడ్డాయి, క్రౌన్ పినియన్ పళ్లు విరిగాయి. అడుగున బూడిద రంగు బురద. గోదావరి ఒండ్రు కాదది, మా బండి గేర్లే అరిగి అరిగి అలా అయ్యాయి. సామాన్ల కోసం పిన్ని గాజులు తాకట్టులోకి వెళ్లాయి. బండి నిలబడ్డ రోజులకి కిస్తీలు తప్పాయి.

మేస్త్రి గారు ఈసారి అడగకుండానే ఒక పని చేశారు. ఎలాగూ మూత బయట ఉంది కదా అని దానికి తూము పెట్టారు. నేను పక్కనే కూర్చుని చూశాను. లేతు మిషన్ మీద లావుపాటి నట్టు ఒకటి తీయించారు. మూతకి బెజ్జం మరీ అడుగున కాకుండా, కొంచెం వెనక వాలుకి పెట్టారు. మరీ కింద ఉంటే రాయి తగిలి బోల్టు ఊడుతుంది. నట్టు లోపలికి పొడుచుకు రాకుండా చూశారు. పొడుచుకొస్తే దాని చుట్టూ కొంత ఆయిల్ ఎప్పటికీ నిలిచిపోతుంది, మరి తూము పెట్టి ఏం లాభం? వెల్డింగ్ వేడికి రేకు వంకరపోకుండా మూతని దళసరి ఇనప పలకకి బోల్టులతో బిగించి, కొంచెం కొంచెంగా అతికారు. తర్వాత మూతలో కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచారు. పొద్దున కింద తడి లేదు. రాగి వాషర్ వేసి బోల్టు బిగించారు. మొత్తం ఖర్చు ఆ విరిగిన పళ్ల ఖరీదు ముందు లెక్కలోకి రాదు.

రెండు నెలలు తిరిగిందేమో. కొత్త తూముతో సహా ఆ బండిని ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయారు. గాజులు వేలానికి వెళ్లాయి.

తప్పు ఎవరిది? చిన్నప్పుడు బోల్టు పెట్టనివాడి మీద కోపం వచ్చేది. ఇప్పుడు అంత సులువుగా చెప్పలేను. మేస్త్రి గారు హెచ్చరించారు, బాబాయి వాయిదా వేశాడు. కానీ ఇది కూడా చూడండి. ఇంజిన్‌కీ, గేర్‌బాక్స్‌కీ వాయిదా వెయ్యలేదు, ఎందుకంటే బోల్టు ఉంది, పది నిమిషాల పని. పని కష్టంగా ఉన్నచోటే మనిషి వాయిదా వేస్తాడు. ఆ కష్టాన్ని ఎక్కడో ఒక డ్రాయింగ్ బోర్డు మీద ఎవరో నిర్ణయించారు.

ఆ నిర్ణయానికీ ఒక చరిత్ర ఉంది. 1926లో అమెరికాలో ప్యాకర్డ్ కార్లకి హైపాయిడ్ గేర్లు వచ్చాయి. పినియన్ని మధ్య నుంచి కిందికి దించి పెడతారు, దాంతో కారు నేల ఎత్తు తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. అయితే పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి మామూలు ఆయిల్ ఆగదు. గంధకం లాంటివి కలిపిన ప్రత్యేకమైన ఆయిల్ కావాలి. గేర్ ఆయిల్ డబ్బా మూత తీస్తే కుళ్లిన గుడ్డు కంపు వస్తుంది చూశారా, అదే ఇది. ఆయిల్ మెరుగయ్యే కొద్దీ మార్చాల్సిన అవసరం తగ్గింది. మార్చక్కర్లేనప్పుడు తూము ఎందుకు అనే ఆలోచన వచ్చింది.

ఇది గాల్లో మాట కాదు, ఇనుములో కనిపిస్తుంది. ఫోర్డ్ కంపెనీది ‘తొమ్మిది అంగుళాల ఇరుసు’ అని చాలా పేరున్నది ఒకటి ఉంది, 1957లో వచ్చింది. మొదటి మూడేళ్లలో తయారైన కొన్నిటికి అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. 1960 నుంచి వచ్చిన వాటికి అది ఉండదు, వెనక వైపు మట్టం చూసే బెజ్జం మాత్రం ఉంటుంది. పాత సామాన్లు కొనేవాళ్లు ఏ సంవత్సరం ఇరుసో ఆ బోల్టుని బట్టి గుర్తుపడతారు. మన పశ్చిమ గోదావరిలో ప్యాకేజీ ప్రోగ్రాం మొదలైన ఏడాదే, అక్కడ అలుగు ఉంచి తూము పూడ్చేశారన్నమాట.

కంపెనీల వైపు నుంచి కూడా చెప్పాలి. ప్రతి బెజ్జం ఒక కారే చోటు. ప్రతి బోల్టుకి ఖర్చు ఉంది, లక్షల బళ్ల మీద అది చిన్నది కాదు. అతిగా బిగించి మరలు చెడగొట్టేవాళ్లు ఉన్నారు, వదులుగా బిగించి దారిలో ఆయిలంతా పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. పొడి రోడ్ల మీద నెమ్మదిగా తిరిగే కారుకి ఆ లెక్క సరిపోవచ్చు. లంకలో తిరిగే బండికి సరిపోదు. డ్రాయింగ్ గీసినవాడు కనకాయలంక కాజ్‌వే చూడలేదు.

ఆటోమేటిక్ గేర్లది ఇంకో ముచ్చట. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో హైడ్రామాటిక్ మొదలైంది. తర్వాత వచ్చిన చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సులకి అడుగున ఒక రేకు పళ్లెం ఉంటుంది, దానికి తూము ఉండదు. చుట్టూ డజనుకి పైగా బోల్టులు విప్పి పళ్లెం వంచితే ఎర్రటి ఆయిల్ ఎటు పడితే అటు పోతుంది. ‘ఇది జీవితకాలం ఆయిల్, మార్చక్కర్లేదు’ అని కొన్ని కార్ల కంపెనీలు రాస్తాయి. ఎవరి జీవితకాలం? అలాంటి గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి మార్చమంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

మా పెద్దమ్మ కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. పాత పికప్ ట్రక్కు కొన్నాడు. దాని పళ్లెానికి బోల్టు లేదు. అక్కడ ఇంట్లోనే పెట్టుకునే డ్రెయిన్ ప్లగ్ కిట్లు అమ్ముతారు. పళ్లెం విప్పి, బెజ్జం వేసి, లోపల ఒక వాషరు, బయట ఒక వాషరు వేసి బిగించుకోవడమే, వెల్డింగ్ అక్కర్లేదు. మొదటిసారి పళ్లెం విప్పినప్పుడు ఆయిల్లో తల స్నానం చేశాడు. వీడియో కాల్ చేస్తే నేను ఫోన్ మన మేస్త్రి గారికి ఇచ్చాను. ఆయనకి ఇప్పుడు డెబ్బై దాటాయి. కళ్లద్దాలు సర్దుకుని చూసి రెండే మాటలు అన్నారు. “బెజ్జం ఏసినాక ఇనప రజను ఒక్క చుక్క కూడా లోపలుండకూడదు బాబూ. ఇంకోటి, కింద బోల్టు ఇప్పేముందు పోసే దారి తెరుసుకుంటదో లేదో చూసుకో.” ఈ రెండోది మీరు రాసి పెట్టుకోండి. చాలామంది ముందు కింద బోల్టు విప్పి ఆయిలంతా వదిలేస్తారు. తర్వాత పైన పోసే బోల్టు తుప్పు పట్టి రాదు. అప్పుడు బండి ఎటూ కదలదు. ముందు అలుగు, తర్వాత తూము. వారంటీ ఉన్న కొత్త బండికి మాత్రం బెజ్జాలు వెయ్యకండి. గొట్టం పెట్టి పోసే దారిలోంచే ఆయిల్ పీల్చే పంపులు ఉన్నాయి. అడుగున మడ్డి పూర్తిగా రాదు గానీ, ఏమీ చేయకపోవడం కంటే నయం.

తూము తెరిస్తే వచ్చింది ఎక్కడికి పోవాలి? ఇదొకటి మనవాళ్లు మర్చిపోతారు. కాలిన ఆయిల్‌ని సెంట్రింగ్ చెక్కలకి పూస్తారు, చెద పట్టకుండా గుంజలకి పూస్తారు. మిగిలింది షెడ్డు వెనక పారబోస్తారు. మన షెడ్లలో సగం కాలువ గట్ల మీదే ఉంటాయి, ఆ కాలువ నీళ్లే కింది ఊరి మంచినీళ్ల చెరువులోకి వెళ్తాయి. వాడిన ఆయిల్‌ని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుల మీద పెడుతూ కేంద్రం తెచ్చిన నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మీ షెడ్డులో డబ్బా పెట్టి పోస్తున్నారా, నేల మీద వదిలేస్తున్నారా అని ఒక్కసారి అడగండి. అడిగితే ఏమీ అనుకోరు.

మా బాబాయి ఆ తర్వాత పన్నెండేళ్లు అద్దె ఆటో తోలాడు. పోయిన సంవత్సరం మళ్లీ ఒక చిన్న గూడ్స్ బండి కొందామని రాజమండ్రి తీసుకెళ్లమంటే నేనే తీసుకెళ్లాను. షోరూం కుర్రాడు మైలేజీ, ఈఎంఐ చెబుతున్నాడు. బాబాయి తువ్వాలు టైల్స్ మీద పరిచి బండి కిందకి దూరిపోయాడు. కుర్రాడు కంగారుపడి “ఏం పోయిందండీ?” అన్నాడు. కింద నుంచి “ఫోన్ లైటు ఇలా పట్టరా” అని నాకు వినిపించింది. పట్టాను. హౌసింగ్ అడుగున బోల్టు ఉంది. దాన్ని వేలితో ఒకసారి తడిమి, బయటికొచ్చి, చొక్కా దులుపుకుని, “ఇప్పుడు కిస్తీ ఎంతన్నావు బాబూ?” అని అడిగాడు.

ఈ వారానికి ఇంతేనండి. ఉంటాను.